వర్చువల్ మెషీనులోని పన్నుల పద్దులు

విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టు వారి మద్దతు 2014లో ముగిసినది. అయినను దానిపై నడచు పాత పన్నుల సాఫ్టువేరును కొత్త కంప్యూటరులో వర్చువల్ మెషీను నెలకొల్పి నడుపవచ్చును. ఇది కంప్యూటరులో మరియొక కంప్యూటరు వంటిది. దాని డిస్కు సాధారణముగా ఒక ఫైలు మాత్రమే. అది చెడినచో గ్రామపు పద్దులు పోవును. పన్ను చెల్లించినవారినే మరల అడుగవలసివచ్చును. పాత స్నాప్‌షాటుకు మరలించినను, అటుపై అందు దాచినవి మిగులవు.

కావున పద్దులను సీఎస్‌వీ ఫైలుగా ఎగుమతి చేసి, షేర్డ్ ఫోల్డరు ద్వారా వెలుపలి కంప్యూటరునకు చేర్చవలెను. ఎక్సెల్‌లో తెచ్చుకొనునపుడు అసెస్‌మెంటు నంబరు గల నిలువు వరుసను టెక్స్టుగా ఎంచవలెను. లేనిచో ముందున్న సున్నలు పోవును. ఎక్సెల్ 2003లో ఒక షీటునకు 65,536 వరుసలే పట్టును. పిదప వరుసల సంఖ్యను, పన్ను మొత్తమును రెండుచోట్ల సరిచూడవలెను. అవి సరిపోలిన పిమ్మటనే పద్దు పదిలమని భావింపవలెనని మేము పంచాయతీ సభ్యులకు మనవి చేయుచున్నాము.