మాట రాని బిడ్డకు మందేది?

మూడేళ్లు నిండినా బిడ్డకు మాట రాదు. మిక్సీ మోతకు చెవులు మూసుకుంటాడు. తలకు నూనె రాయబోతే కెవ్వుమంటాడు. కొత్త చొక్కాను ఒంటిమీద నిలవనీయడు. ఇటువంటి బిడ్డ ఉన్న ఇంట సలహాలకు కొదవ ఉండదు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయమని ఒకరు, గోధుమలు, పాలు మానిపించమని మరొకరు, సంగీత చికిత్స చేయించమని వేరొకరు చెబుతారు. ఏ మార్గాన్నీ విడిచిపెట్టే ధైర్యం తల్లిదండ్రులకు చాలదు. వీటిలో దేనిని నమ్మవచ్చు?

సెక్రెటిన్ ఉదంతం ఈ విషయంలో మంచి పాఠం. అది జీర్ణక్రియకు తోడ్పడే ఒక హార్మోను. పొట్ట పరీక్ష నిమిత్తం దానిని పుచ్చుకొన్న ముగ్గురు ఆటిజం పిల్లల్లో మాట, చూపు మెరుగుపడినవని 1998లో అమెరికా వైద్యులు ప్రకటించారు. ఎందరో తల్లిదండ్రులు ఆ ఇంజెక్షను కోసం పరుగులు తీశారు. 1999లో 60 మంది పిల్లలపై జరిపిన పరీక్ష ఫలితాలు వెలువడినవి. కొందరికి సెక్రెటిన్, కొందరికి ఉత్త ఉప్పునీరు ఎక్కించారు; ఎవరికి ఏది అందినదో తల్లిదండ్రులకు తెలియనీయలేదు. రెండు వర్గాల పిల్లలూ కొంత మెరుగైనట్లే కనిపించారు! మందు వల్ల అదనపు మేలేమీ లేదని తేలినది. ఆ సంగతి తెలిసిన పిమ్మట కూడ నూటికి 69 మంది తల్లిదండ్రులు దానిపై ఆసక్తి వదులుకోలేదు.

ఇది అవివేకం కాదు. పిల్లలు కాలంతో పాటు ఎదుగుతారు. ఆశతో చూసే కంటికి ఆ ఎదుగుదల చికిత్సా ఫలంగా తోస్తుంది.

శబ్దాన్ని, స్పర్శను సహించలేని పిల్లలకు ఊయలలు, ఆటల ద్వారా శిక్షణ ఇచ్చే పద్ధతిని అమెరికాకు చెందిన జీన్ ఏయర్స్ రూపొందించారు. బ్రిటన్‌లో 138 మంది పిల్లలపై జరిగి, 2022లో వెల్లడైన పరిశీలనలో అది మామూలు సేవలకంటె మిన్న అని తేలలేదు. సంగీత చికిత్స సంగతీ అంతే: 9 దేశాల్లో 364 మంది పిల్లలపై జరిపిన పరిశీలనలో ఆటిజం ప్రధాన లక్షణాలు తగ్గలేదని 2017లో తెలిసినది. పాటలో, ఊయలలో బిడ్డ ఆనందిస్తే అది మేలే. కాని ఆనందం వేరు, చికిత్స వేరు.

మరి ఆశ ఎక్కడ? గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లలతో జరిగిన ప్రయత్నం 2016లో ప్రచురితమైనది. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలే ఇళ్లకు వెళ్లి, బిడ్డతో తల్లి ఆడుకొనే తీరును వీడియో తీసి, ఆమెకే చూపించారు. బిడ్డ దేనివంక చూస్తున్నాడో గమనించి, కాస్త ఆగి, దానికి తగినట్లు బదులు పలకడం తల్లులు నేర్చుకొన్నారు. అన్ని కొలతల్లోను మేలు కనిపించలేదు. కాని పిల్లలు తామై తల్లులను పలకరించడం హెచ్చినది.

కనుక మొదట వినికిడి పరీక్ష, పిమ్మట స్పీచ్ థెరపీ ముఖ్యం. అనుబంధ చికిత్స ఏదైనా వీటికి తోడుగానే ఉండాలి. ఏ మార్పు కోసం, ఎన్ని వారాలు, ఎంత ఖర్చు అని ముందే అడగాలి. ఒకేసారి రెండు మొదలుపెడితే ఏది పనిచేసినదో తెలియదు. శరీరంలోని లోహాలను తొలగించే కీలేషన్ వల్ల 2005లో అమెరికాలో అయిదేళ్ల ఆటిజం బాలుడు మరణించాడు. ఆటిజానికి మూలకణ చికిత్స తగదని 2022లో మన జాతీయ వైద్య కమిషన్ స్పష్టం చేసినది.

పొలం అమ్మి కొనవలసిన ఇంజెక్షను కంటె, రోజూ బిడ్డ పక్కన కూర్చొని, వాడి చూపు వెంట చూపు సాగించే అరగంట విలువైనది.