పెరటిలో ఆకుకూరగా, చేనులో గింజపంటగా కుసుమ: ఆర్టిచోక్ తెగకు చెందిన దక్కను పంట

మధ్యధరా తీర దేశాల వంటలలో ప్రసిద్ధమైన గ్లోబ్ ఆర్టిచోక్ విత్తనాలు ఇప్పుడు చిన్న పొట్లాల రూపంలో ఎవరికైనా అందుబాటులోకి వచ్చాయి. పెరటితోటల పట్ల ఆసక్తి గలవారు ఈ మొక్క జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో పండుతుందా అని విస్తరణ శాస్త్రవేత్తలను అడగడం సహజం. ఈ ప్రశ్నకు సమాధానం ఇచ్చేటప్పుడు, అదే తెగకు చెంది దక్కను నల్లరేగడి నేలల్లో తరతరాలుగా సాగవుతూ వచ్చిన కుసుమను కూడా పక్కన ఉంచి పరిశీలించడం అవసరం. రెండింటి సాగు వేరైనా ఇబ్బంది ఒక్కటే. రెండూ ముళ్ల మొక్కలే, రెండింటినీ తినదగిన దశ స్వల్పకాలమే ఉంటుంది.

ఆర్టిచోక్, కుసుమ రెండూ పొద్దుతిరుగుడు కుటుంబంలోని కార్డ్యుయే అనే ముళ్ల మొక్కల తెగకు చెందినవి. అనేక చిన్న పుష్పకాలు ఒకే పుష్పాసనంపై గుమిగూడి ఉండటం, ఆ గుత్తి చుట్టూ పొలుసుల వంటి పుచ్ఛాలు వరుసలుగా అమరి ఉండటం ఈ తెగ లక్షణం. మధ్యధరా ప్రాంత ప్రజలు అడవి కార్డూన్ అనే మొక్కను రెండు విధాలుగా మచ్చిక చేసుకున్నారు. లావైన ఆకు కాడల కోసం ఎంపిక చేసినది కార్డూన్ కూరగాయగాను, పెద్ద పూమొగ్గ కోసం ఎంపిక చేసినది ఆర్టిచోక్‌గాను స్థిరపడ్డాయి. కుసుమను మాత్రం పూర్వులు గింజలోని నూనె కోసం, పూరేకులలోని రంగు కోసం ఎంపిక చేశారు. అందువల్ల కుసుమ మొగ్గ చిన్నదిగానే మిగిలింది. దాని పుష్పాసనంలో తినడానికి కండ ఉండదు. కనుక ఆర్టిచోక్ వలె కుసుమ మొగ్గను వండుకోవచ్చునా అని విద్యార్థులు అడిగితే, వండుకోలేమనే చెప్పాలి. కుసుమలో కూరకు పనికివచ్చేది లేత ఆకు.

ఆర్టిచోక్ సాగు, కోత

ఆర్టిచోక్ బహువార్షిక మొక్క. మీటరుకు పైగా ఎత్తు, దాదాపు అంతే వెడల్పు పెరుగుతుంది. కనుక పెరటిలో ఒక్కొక్క మొక్కకు కనీసం ఒక మీటరు చోటు కేటాయించాలి. చలి ప్రాంతాలలో పిలకలతో ప్రవర్ధనం చేస్తారు. వేడి ప్రాంతాలలో విత్తనంతో నారు పెంచి ఏకవార్షికంగా సాగు చేస్తారు. సేంద్రియ ఎరువు సమృద్ధిగా ఉండి నీరు నిలవని నేల కావాలి. మొగ్గ ఏర్పడే దశలో నీటి ఎద్దడి కలిగితే పుచ్ఛాల కొనలు నల్లబడతాయి.

ఈ మొక్క పూమొగ్గ తొడగాలంటే కొంతకాలం చల్లదనాన్ని అనుభవించాలి. పగలు 24, రాత్రి 13 డిగ్రీల సెల్సియస్ దరిదాపు ఉష్ణోగ్రత దీనికి అత్యంత అనుకూలం. పాలమూరు ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలలలో కూడా పగటి ఉష్ణోగ్రత 30 డిగ్రీల చుట్టూ ఉంటుంది. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కన్నా దిగువకు పడిపోయే రోజులు అరుదు. కాలిఫోర్నియా ఎడారి ప్రాంతాలలో ఈ లోటును జిబ్బరెల్లిక్ ఆమ్లం పిచికారీతో కొంతవరకు పూరిస్తారు. అయినా మొగ్గ దశలో వేడి పెరిగితే పుచ్ఛాలు త్వరగా విచ్చుకొని, పీచుబారి, చేదెక్కుతాయి. ఏప్రిల్, మే నెలలలో 40 డిగ్రీలు దాటే ఎండను తట్టుకొని మొక్క మరుసటి ఏటికి నిలవడం కష్టం. ఆగస్టు చివర నీడలో నారు పోసి, అక్టోబరులో నాటి, ఫిబ్రవరిలోగా కోత ముగించుకోగలిగినవారు కుతూహలం కొద్దీ నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. అంతకు మించి సిఫారసు చేయడానికి ఆధారం లేదు.

మొగ్గ గట్టిగా, పుచ్ఛాలు ఒకదానిపై ఒకటి బిగుసుకొని ఉన్నప్పుడే కొద్దిపాటి కాడతో సహా కోయాలి. ఊదారంగు పుష్పకాలు బయటకు కనిపించిన మొగ్గ వంటకు పనికిరాదు. ముళ్ల కొనలను కత్తిరించి, కోసిన భాగం నల్లబడకుండా నిమ్మరసం కలిపిన నీటిలో వేసి, తరువాత 30 నుండి 45 నిమిషాలు ఉడికిస్తారు. పుచ్ఛాలను ఒక్కొక్కటిగా వలిచి, వాటి మొదట ఉండే మెత్తని కండను పంటితో గీరి తింటారు. మధ్యలోని నూగును తీసివేస్తే మిగిలే పుష్పాసనమే అసలు భక్ష్యం. మునగకాయను నమిలి పిప్పిని పక్కన పెట్టే అలవాటున్న తెలుగువారికి ఈ పద్ధతి వింతగా తోచదు.

కుసుమ: తినదగిన దశ

కుసుమ విత్తనం మొలిచిన తరువాత మూడు నుండి ఐదు వారాల పాటు కాండం పెరగదు. ఆకులు నేలకు దగ్గరగా చక్రాకారంలో పరచుకుంటాయి. దీనిని రోజెట్ దశ అంటారు. పైకి చూసేవారికి పంట ఎదగడం లేదని అనిపిస్తుంది గాని, ఈ కాలంలో తల్లివేరు లోతుకు దిగుతూ ఉంటుంది. లోతైన నల్లరేగడిలో ఈ వేరు రెండు మీటర్లకు పైగా వెళ్లగలదు. వానాకాలపు తేమ పైపొరలో ఆరిపోయినా అడుగుపొరలోని తేమతో కుసుమ గింజ కట్టడానికి కారణం ఇదే. రాష్ట్రంలో తక్కువ వర్షపాతం గల జిల్లాలలో ఒకటైన జోగులాంబ గద్వాలలో, ముఖ్యంగా అలంపూరు వైపు నల్లరేగడి నేలలలో, ఈ గుణానికి ఎంతో విలువ ఉంది.

రోజెట్ దశ ముగిసి కాండం సాగగానే ఆకుల అంచులు గట్టిపడి ముళ్లుగా మారతాయి. ఆ తరువాత పశువు కూడా నోరు పెట్టదు. అంతకు ముందు ఆకు లేతగా, కొద్దిపాటి వగరు చేదుతో రుచిగా ఉంటుంది. అందువల్ల కుసుమాకు కూరకు గడువు విత్తిన నాటి నుండి సుమారు 20–25 రోజులు. చలి ఎక్కువగా ఉన్న ఏడు ఈ గడువు కొంత పెరుగుతుంది. తేదీని లెక్కించడం కన్నా వేలితో ఆకు అంచును తడిమి చూడటం నమ్మదగిన పరీక్ష. గుచ్చుకుంటే కాలం దాటినట్లే.

చేనులో ఒత్తు మొక్కలను తీసివేసే పనికి కూడా ఇదే సమయం. వరుసల మధ్య 45, మొక్కల మధ్య 20 సెంటీమీటర్ల దూరంలో కుదురుకు రెండు మూడు గింజల చొప్పున వేసి, తరువాత ఒక్క మొక్కనే ఉంచడం కుసుమ సాగులో తప్పనిసరి. ఈ పని చేయని చేలలో మొక్కలు పోటీపడి కొమ్మలు తగ్గుతాయి, గింజ సన్నబడుతుంది. కూలి ఖర్చు కారణంగా చాలామంది దీనిని వదిలివేస్తారు. పీకిన మొక్క వంటింటికి, సంతకు పోతుందని తెలిసినచోట ఈ పని దానంతట అదే జరుగుతుంది. కుసుమను ఆకుకూరగా ప్రచారం చేయడం పోషకాహార కార్యక్రమం మాత్రమే కాదు, దిగుబడిని కాపాడే యాజమాన్య పద్ధతి కూడా. విస్తరణ సమావేశాలలో ఈ రెండు విషయాలను వేరువేరుగా చెప్పడం వల్ల రెండింటికీ బలం తగ్గుతోంది. అయితే నిలిపి ఉంచే మొక్క నుండి ఆకు కోయరాదు, ముఖ్యంగా మొవ్వును తుంచరాదు.

పెరటిలో కేవలం ఆకు కోసమే పెంచేవారు చిన్న మడిలో గింజలను ఒత్తుగా చల్లి, వేళ్లతో సహా పీకి వాడుకోవాలి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు 10–15 రోజుల వ్యవధితో ఒక్కొక్క మడి చల్లుకుంటే చలికాలమంతా కూర దొరుకుతుంది. మందు పట్టించిన విత్తనాన్ని ఈ మడులకు వాడరాదు.

ముల్లు: లోపమా, రక్షణా?

కుసుమ విస్తీర్ణం తగ్గడానికి చెప్పే కారణాలలో మొదటిది ముల్లు. కోత సమయంలో చేతులకు గుడ్డలు చుట్టుకొని, మంచు తడికి ముళ్లు కొంత మెత్తబడి ఉండే తెల్లవారుజామున పని చేయవలసి వస్తుంది. ఈ బాధ ఎక్కువగా పడేది మహిళా కూలీలు. అందుకే మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో గల నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ నారి-6 అనే ముళ్లు లేని రకాన్ని, తరువాత నారి-ఎన్‌హెచ్-1 అనే ముళ్లు లేని సంకరాన్ని రూపొందించింది. పూరేకులు సేకరించదలచినవారికి ఇవి ఎంతో అనుకూలం. పూరేకులలో నీటిలో కరిగే పసుపు రంగు, క్షారంలో కరిగే కార్తమిన్ అనే ఎరుపు రంగు ఉంటాయి. పువ్వు వాడిపోవడం మొదలైన తరువాత రేకులను సేకరిస్తే గింజకు నష్టం ఉండదు.

కాని ముల్లు లేని మొక్కకు కాపలా కావాలి. జొన్న, గోధుమ చేల చుట్టూ కుసుమ వరుసలు వేసి పశువులను అడ్డుకోవడం దక్కనులో పాత అలవాటు. నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల అంచున వేరుశనగ రైతులకు అడవి పందుల బెడద తీవ్రం. వేరుశనగ చుట్టూ కుసుమను సరిహద్దు పంటగా వేయడం పందుల నివారణకు సూచించే పద్ధతులలో ఒకటి. ఇక్కడ ముళ్లు లేని రకాన్ని ఇస్తే ప్రయోజనం నెరవేరదు. కనుక రకం ఎంపికలో ఒకే సిఫారసు మూడు జిల్లాలకు సరిపడదు. పెరటికి, పూరేకులకు ముళ్లు లేనివి వేసుకోవాలి. అడవి అంచుకు, గట్లకు ముళ్లు గలవే మేలు. నీటి తడి కింద సాగయ్యే వేరుశనగ గట్టున వేసేటప్పుడు కుసుమ వరుసలకు నీరు నిలవకుండా చూడాలి. కుసుమ కరవును ఓర్చుకుంటుంది గాని, మురుగును ఓర్చుకోదు. వడలు తెగులు, వేరుకుళ్లు ముందుగా అటువంటి చోటనే కనిపిస్తాయి. తెగులు వచ్చిన నేలలో మరుసటి ఏడు కుసుమ వేయరాదు.

ప్రధాన పంటగా వేసేవారు అక్టోబరులో, నేలలో తేమ ఉండగానే ఎకరాకు 4 కిలోల విత్తనంతో విత్తుకోవాలి. ఆలస్యమైన కొద్దీ పేనుబంక ఉధృతి పెరుగుతుంది. ఈ పురుగు ముందుగా చేను అంచు మొక్కలపై చేరుతుంది గనుక అంచులను తరచు గమనించి, అక్కడే అదుపు చేస్తే మందు ఖర్చు తగ్గుతుంది. ఆకు వాడుకునే మడులలో పురుగుమందు పిచికారీ చేయకూడదు. కూర దశ పేనుబంక వచ్చే కాలానికి ముందే ముగుస్తుంది కాబట్టి ఆ అవసరం కూడా రాదు. అలంపూరు ప్రాంతంలో యాసంగి నల్లరేగడికి ప్రధాన పోటీ శనగ నుండి వస్తుంది. 2025–26 రబీ మార్కెటింగు కాలానికి కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర శనగకు క్వింటాలుకు 5,650 రూపాయలు, కుసుమకు 5,940 రూపాయలు. ధరలో తేడా ఇంత స్వల్పంగా ఉన్నప్పుడు శనగను మాని కుసుమ వేయమనడం కన్నా, మూడు వరుసల శనగకు ఒక వరుస కుసుమను అంతరపంటగా సూచించడం సమంజసం. రకాల ఎంపిక, విత్తన లభ్యతల విషయంలో వికారాబాద్ జిల్లా తాండూరులోని వ్యవసాయ పరిశోధన స్థానాన్ని, రాజేంద్రనగర్‌లోని భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థను, స్థానికంగా పాలెం పరిశోధన స్థానాన్ని సంప్రదించవచ్చు.

వంటలో కుసుమ

లేత మొక్కల వేళ్లు తుంచి, మట్టి పోయేలా రెండు మూడు నీళ్లలో కడిగి, ఆకును సన్నగా తరగాలి. పెసరపప్పును పలుకుగా ఉడికించి, ఆకు, పచ్చిమిర్చి, ఉప్పు చేర్చి, మూత లేకుండా మగ్గించాలి. దంచిన వెల్లుల్లి, జీలకర్రతో పోపు పెట్టాలి. చేదు ఇష్టపడనివారు దించే ముందు వేయించిన వేరుశనగ పొడిని రెండు చెంచాలు చల్లుకుంటే సరిపోతుంది. ఈ కూరకు జొన్నరొట్టె తగిన తోడు. చింతపండు పులుసు వేస్తే వగరు, పులుపు రెండూ కలిసి ఆకు రుచి మరుగున పడుతుంది.

గింజలను దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లితో దంచి పొడి చేసుకోవచ్చు. గింజ బరువులో 40 శాతానికి పైగా గట్టి పొట్టు ఉంటుంది గనుక దంచిన పొడిని జల్లెడ పట్టాలి. గింజలను రాత్రి నానబెట్టి, రుబ్బి, గుడ్డలో వడకట్టితే తెల్లని పాలు వస్తాయి. గద్వాలకు పడమటి పొరుగున ఉన్న ఉత్తర కర్ణాటకలో ఈ పాలను బెల్లంతో కలిపి తీపి వంటకాలు చేస్తారు. పాలు విరగకుండా ఉండాలంటే సన్నని సెగపై కలుపుతూ కాచి, దించి కొంత చల్లారిన తరువాతే బెల్లం కలపాలి.

సాధారణ రకాల కుసుమ నూనెలో లినోలిక్ ఆమ్లం 70 శాతానికి పైగా ఉంటుంది. ఇటువంటి నూనె గాలి, వేడి తగిలినప్పుడు త్వరగా చెడుతుంది. గానుగ పట్టించిన నూనెను కొద్ది కొద్దిగా తెచ్చుకొని, వెలుతురు తగలని పాత్రలో ఉంచి, కూరలకు, పోపులకు వాడుకోవాలి. ఒకసారి కాచిన నూనెను మళ్లీ మళ్లీ వేపుళ్లకు వాడరాదు. ఏడాదికి సరిపడా నూనెను ఒకేసారి ఆడించి పెట్టుకోవడం కన్నా, గింజను బాగా ఎండబెట్టి నిల్వ చేసి, రెండు నెలలకొకసారి గానుగకు పంపడం మంచిది.