పాటకు రెండు... సినిమాకు ఆరు!

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఓ అరగంట పాటలు వినడం నాకు పెళ్లయినప్పట్నుంచీ అలవాటు. మా నాన్నగారిచ్చిన బాలమురళీకృష్ణ కీర్తనల క్యాసెట్లు, తర్వాత నేను కొనుక్కున్న సీడీలు... ఇవే నా ఆస్తి. కిందటి సంక్రాంతికి మా అబ్బాయి హోమ్ థియేటర్ తెచ్చాడు. "అమ్మా, ఇందులో ఆరు స్పీకర్లున్నాయి. ఇంకా నీ పాత స్టీరియో ఎందుకు?" అంటూ దాన్ని అటకెక్కించేశాడు. హాల్లో చోటు చాలదు కదా అని నేనూ సరేనన్నాను.

సినిమా పెడితే అద్భుతమే! వెనకనుంచి వాన, పక్కనుంచి గుర్రపు డెక్కల చప్పుడు. కానీ మర్నాడు నా సీడీ పెట్టుకుంటే ప్రాణం ఉసూరుమంది. గొంతేమో టీవీ కిందనుంచి, వయొలిన్ తల వెనకనుంచి, మృదంగం ఏ మూలనుంచో! రెండ్రోజులు చూసి పాటలు వినడమే మానేశాను. నెల తర్వాత ఓ ఆదివారం మావారు, "ఏమిటీమధ్య ఇంట్లో పాటే వినబడ్డంలేదు?" అన్నారు. ఆ మాటతో నాకు పౌరుషం వచ్చింది. పెట్టెతోపాటు ఇచ్చిన పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను.

అసలు సంగతి ఇదీ. స్టీరియో పాటలో ఉండేవి రెండే చానళ్లు... ఎడమ, కుడి. గాయకుడి గొంతు సాధారణంగా రెండింట్లోనూ సమానంగా ఉంటుంది. అందుకే స్పీకర్ల నట్టనడుమ నిలబడి పాడుతున్నట్టు వినిపిస్తుంది. నిజానికి అక్కడేమీ ఉండదు! ఇంగ్లండులో అలాన్ బ్లమ్‌లైన్ అనే ఇంజనీరు 1931లోనే ఈ పద్ధతికి పేటెంటు కోరాడు. సినిమా లెక్క వేరు. 5.1 అంటే ముందు ఎడమ, కుడి, మాటల కోసం నడుమ ఒకటి, వెనక రెండు, బరువైన శబ్దాలకు సబ్‌వూఫర్. రెండు చానళ్ల పాటను అన్నింటికీ పంచిపెట్టే మోడ్‌లో ఉంచడంవల్లే నాకా తిప్పలు.

రిమోట్‌లో వెతికి 'స్టీరియో' మోడ్ పెట్టాను. నడిమిదీ, వెనకవీ ఊరుకున్నాయి. పాట కుదుటపడింది. కానీ ముందున్నవి అరచేయంత స్పీకర్లు, గొంతులో నిండుదనం లేదు. అప్పుడు తట్టింది. అటకమీది నా పాత స్పీకర్లనే ముందు పెట్టుకుంటే? మా రిసీవరుకు మామూలు తీగలే పడతాయి. స్పీకరు వెనక రాసి ఉన్న ఓమ్‌లు రిసీవరు పుస్తకంలో చెప్పినదానికంటే తక్కువ లేవని చూసుకుని, కరెంటు ఆపి, నేనే కలిపాను.

తీరా వింటే గొంతు నడుమ నిలవడంలేదు, ఎటో చెదిరిపోతోంది. 'మాయాబజార్' పాట పెట్టాను. 1957నాటి పాట కాబట్టి మోనో రికార్డింగే, అంతా నడుమనుంచే రావాలి. రాలేదు! చూస్తే ఒక స్పీకరుకు ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారు చేశాను. అలా చేస్తే ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. సరిచేసేసరికి ఘంటసాల ఎదురుగా నిలబడి పాడినట్టయింది.

మీరూ ఇలా చేసి చూడండి:

* ముందు స్పీకర్ల మధ్య ఏడడుగులుంటే, మీ కుర్చీకీ ఒక్కో స్పీకరుకూ మధ్య కూడా ఏడడుగులే ఉండాలి.

* షోకేసులో ఇరికించొద్దు, మూలకు నెట్టొద్దు. బుయ్యిమని మోత వస్తుంది. గోడకు ఓ అడుగైనా ఎడం ఉంచి, చెవి ఎత్తున పెట్టండి.

* నున్నటి గచ్చు, బోసి గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి. ఎదురుగా ఓ జంపఖానా, కిటికీలకు దళసరి కర్టెన్లు చాలు.

* 'ఆల్ చానల్ స్టీరియో' అని ఇంకోటుంటుంది. పేరంటానికి నలుగురూ వచ్చినప్పుడు బాగుంటుంది, కూర్చుని వినడానికి కాదు.

* క్యాసెట్ ప్లేయర్‌ను రిసీవరు వెనక ఎర్ర, తెల్ల సాకెట్లకు కలుపుకోవచ్చు. రికార్డ్ ప్లేయరైతే సాధారణంగా 'ఫోనో' అని ఉన్నచోట కలపాలి.

* స్పీకర్లు మారిస్తే సినిమాకోసం దూరాలు, శబ్దం మళ్లీ సెట్ చేసుకోవాలి.

* కొత్తగా కొనేవాళ్లు ముందు రెండు స్పీకర్లకే ఎక్కువ డబ్బు పెట్టండి. పాటకూ అవే, సినిమాకూ అవే.

ఉగాదికి వచ్చిన మా అబ్బాయి ఓ పాట పూర్తిగా విని, "అమ్మా, ఇవి ఆ పాతవేనా?" అన్నాడు. ఇప్పుడు రాత్రిపూట హాలు వాళ్లది. మధ్యాహ్నం ఆ అరగంట మాత్రం నాదే!