వస్త్రం లేని కుట్టు

కుట్టుపని అనగానే ముందుగా వస్త్రం స్ఫురిస్తుంది. పువ్వు కుట్టినా, లత కుట్టినా, నెమలిని కుట్టినా అది ఏదో ఒక గుడ్డ మీదనే నిలుస్తుంది. దారం ఎంత మనోహరమైనదైనా దానిని మోసేది వస్త్రమే. లేసు ఈ నియమానికి లోబడదు. అందులో దారమూ, దారానికీ దారానికీ నడుమనున్న ఖాళీ స్థలమూ మాత్రమే ఉంటాయి. ఆ ఖాళీలలోనే దాని సొగసు ఉన్నది. పదహారవ శతాబ్దంలో ఇటలీ దేశపు వెనిస్ నగరంలో సూదితో అల్లిన ఒక విధమైన లేసును 'పుంతో ఇన్ ఆరియా' అన్నారు. 'గాలిలో కుట్టు' అని ఆ మాటకు అర్థం.

పేరుకు గాలిలో కుట్టే అయినా, ఆ పనివారు నిజంగా గాలిలో కుట్టలేదు. తోలుకాగితం మీద నమూనా గీసి, ఆ గీతల వెంబడి దారాలను తాత్కాలికంగా బిగించి, ఆ దారాలనే ఆధారంగా చేసుకొని కుట్టు మీద కుట్టు అల్లేవారు. పని ముగిశాక అడుగున కట్టిన దారాలను కత్తిరిస్తే తోలుకాగితం విడిపోయేది; లేసు చేతికి వచ్చేది. ముందు ఆధారం కల్పించుకోవడం, పని పూర్తయ్యాక దానిని తొలగించడం - ఈ ఉపాయమే నాలుగు వందల ఏళ్ళకు పైబడిన తరువాత కూడా ఎంబ్రాయిడరీ యంత్రం మీద లేసు నేర్చుకొనేవారికి మొదటి పాఠమవుతున్నది.

యంత్రంతో బుట్టాపని చేయాలన్న ప్రయత్నం ఐరోపాలో పందొమ్మిదవ శతాబ్దంలో ఫలించింది. ఫ్రాన్సులోని ములూజ్ పట్టణంలో జోసువె హైల్‌మన్ 1828లో చేతితో నడిపే ఎంబ్రాయిడరీ యంత్రాన్ని రూపొందించాడు. 1863లో స్విట్జర్లాండుకు చెందిన ఇజాక్ గ్రోబ్లి కుట్టుమిషను సూత్రాన్ని దానికి జతచేసి మరొక యంత్రం నిర్మించాడు. పైదారాన్ని సూది తెస్తుంది. అడుగుదారాన్ని పడవ ఆకారంలో ఉండే చిన్న నాడె తెస్తుంది. స్విస్ జర్మన్ మాండలికంలో 'చిన్న పడవ' అనే అర్థం గల మాట నుండే ఈ యంత్రానికి 'షిఫ్లీ' అనే పేరు వచ్చింది. వందల సూదులు వరుసగా ఒకేసారి కుట్టే ఈ యంత్రం వస్త్రం మీద ఎంతటి జటిలమైన పనినైనా చేయగలదు. కాని వస్త్రం లేనిచోట దానికి పని లేదు. లేసుకు వస్త్రం ఉండకూడదు. యంత్రానికి వస్త్రం ఉండి తీరాలి.

ఈ చిక్కుముడిని 1880ల దశకంలో స్విట్జర్లాండులోని సెంట్ గాలెన్, జర్మనీలోని ప్లావెన్ ప్రాంతాల వస్త్ర పరిశ్రమ రసాయనశాస్త్రంతో విప్పింది. పట్టు జంతుసంబంధమైన నార. అది మాంసకృత్తుతో ఏర్పడినది. గాఢమైన క్షారంలో కరిగిపోతుంది. నూలు వృక్షసంబంధమైనది; క్షారాన్ని తట్టుకొని నిలుస్తుంది. అందువల్ల పట్టుగుడ్డ మీద నూలుదారంతో కుట్టి, ఆ గుడ్డను క్షారద్రవంలో ముంచారు. పట్టు కరిగిపోయి నూలు లేసు మిగిలింది. నూలును నిలపడం కోసం పట్టును బలి ఇవ్వడం పట్టుచీరను పదిలంగా దాచుకొనే మనకు వింతగా తోచవచ్చు. ప్లావెన్ లేసుకు 1900లో జరిగిన పారిస్ ప్రపంచ ప్రదర్శనలో అత్యున్నత బహుమతి లభించింది. మన బట్టల దుకాణాలలో జాకెట్టు చేతులకూ, ఓణీ అంచులకూ అమ్మే 'కెమికల్ లేసు' ఈ వంశానికి చెందినదే.

క్షారంతో పని ఇంటిలో చేసుకోదగినది కాదు. ఈ విద్యను ఇంటి మిషను దాకా తెచ్చిన పదార్థం పాలీవినైల్ ఆల్కహాల్. 1924లో జర్మనీలో హెర్మాన్, హేనెల్ అనే రసాయన శాస్త్రవేత్తలు దీనిని తయారుచేశారు. దీనితో చేసిన పలుచని పొరా, గుడ్డవంటి పట్టా రెండూ నీటిలో కరుగుతాయి. గిన్నెడు గోరువెచ్చని నీరు ఉంటే చాలు.

నేడు తెలుగునాట చిన్న పట్టణాలలో సైతం 'కంప్యూటర్ ఎంబ్రాయిడరీ' అన్న బోర్డులు కనబడతాయి. జాకెట్ల మీద పువ్వులు కుట్టడం అలవాటైనవారు లేసు కూడా అంతే సులభమనుకొని ప్రారంభిస్తారు. జాకెట్టుకు కుట్టే పువ్వు నమూనానే యంత్రానికి ఇచ్చి, గుడ్డకు బదులు నీట కరిగే పట్టాను ఫ్రేములో బిగిస్తారు. యంత్రం చక్కగా కుడుతుంది. ఫ్రేములో ఉన్నంతసేపూ పువ్వు ముచ్చటగా ఉంటుంది. నీటిలో వేసిన కొద్ది నిమిషాలకు రేకులు జారిపోయి, చివరకు చేతిలో చిక్కుపడిన దారపు ముద్ద మిగులుతుంది.

తప్పు యంత్రానిది కాదు, దారానిదీ కాదు. కుట్టుమిషను కుట్టులో రెండు దారాలు ఉంటాయి. పైదారం సూదితో కిందికి దిగి, బాబిన్ దారాన్ని చుట్టుకొని పైకి వస్తుంది. ఆ రెండూ పెనవేసుకొనే చోటు సాధారణంగా గుడ్డ మందంలో దాగి ఉంటుంది. గుడ్డలోని పడుగు పేకలే ఆ పెనవేతను కదలకుండా పట్టి ఉంచుతాయి. గుడ్డను తీసివేస్తే పట్టి ఉంచేది ఏదీ ఉండదు. కనుక లేసు నమూనాలో ప్రతి కుట్టూ మరొక కుట్టును పట్టుకోవాలి. ఏ గీతా ఒంటరిగా ఉండకూడదు. ఒక రేకు పక్కనున్న రేకును తాకినట్టు కంటికి కనిపిస్తే చాలదు. ఒకదాని దారాలు మరొకదాని దారాల మీదుగా కొంతమేర దాటి వెళ్ళాలి.

ఇందుకు అనుసరించే పద్ధతి పందిరి వేయడం వంటిది. ముందు గుంజలు పాతి, అడ్డంగా వాసాలు కట్టి, ఆపైననే తాటాకు కప్పుతారు. అలాగే యంత్రం మొదట సన్నని పరుగు కుట్టుతో నిలువుగా, అడ్డంగా, ఐమూలగా వలవంటి అల్లికను కుడుతుంది. ప్రతి గీత మీదా రెండు మూడు మార్లు నడుస్తుంది. గీతలు ఒకదానినొకటి ఖండించుకొనే చోట్ల దారాలు ముడిపడతాయి. ఆ వల మీద ఒత్తుగా శాటిన్ కుట్టు పడుతుంది. చూసేవారికి కనిపించేది శాటిన్ కుట్టు. లేసును నిలిపేది దాని కడుపులో దాగిన వల. ఈ వల ఉన్న నమూనాలనే లేసుకు ఎంచుకోవాలి. సొంతంగా నమూనా సిద్ధం చేసుకొనేవారు ఏ కుట్టు ముందు, ఏది తరువాత అన్న క్రమాన్ని కూడా ఆలోచించాలి. వల కన్నా ముందు శాటిన్ పడితే పునాది లేని గోడే. నమూనాను యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే ఈ పనిని వృత్తిదారులు నేటికీ 'పంచింగ్' అంటారు. చిల్లులు పొడిచిన కార్డులతో షిఫ్లీ యంత్రాలను నడిపిన కాలం నాటి మాట అది. కార్డులు పోయినా మాట మిగిలింది.

పట్టా విషయంలో పొదుపు పనికిరాదు. పారదర్శకంగా, ప్లాస్టిక్ కాగితంలా ఉండే పలుచని పొర లేసు బరువుకు ఆగదు. గుడ్డలా పీచు కలిగిన పట్టాను రెండు పొరలుగా వేసి, డప్పు చర్మంలా బిగువుగా ఫ్రేములో కట్టాలి. సూది పడిన ప్రతిచోటా పట్టాకు ఒక రంధ్రం పడుతుంది. ఒకే గీత మీద మరీ దగ్గరగా వందల రంధ్రాలు పడితే తపాలా బిళ్ళ అంచువలె పట్టా అక్కడికి చిరిగిపోతుంది. నమూనా పక్కకు జరుగుతుంది. వల మీద పడవలసిన శాటిన్ కుట్టు వల పక్కన పడుతుంది. యంత్రం వేగాన్ని తగ్గిస్తే ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. కొత్తవారు చేయలేని పని బహుశా ఇదొక్కటే. వేగంగా కుట్టగలిగిన యంత్రాన్ని నెమ్మదిగా నడపడానికి మనసు ఒప్పదు.

జాకెట్టు పనిలో అడుగుదారం ఎవరికీ కనబడదు గనుక బాబిన్‌లో సన్నని తెల్లదారం సరిపోతుంది. లేసుకు వెనుక వైపు అంటూ ఉండదు. పైన వాడిన రంగుదారాన్నే బాబిన్‌లోనూ చుట్టాలి. టెన్షన్ సరిగా లేకపోతే ఒక దారం మరొకదాన్ని లాగివేసి లేసు దొప్పలా ముడుచుకుంటుంది.

కుట్టు పూర్తయ్యాక చుట్టూ మిగిలిన పట్టాను కత్తెరతో తీసి, గోరువెచ్చని నీటిలో నానబెట్టాలి. ఎంతసేపు కడగాలన్నది అనుభవం మీద తెలిసే విషయం. కరిగిన పదార్థం కొంత దారంలో మిగిలితే ఆరిన తరువాత గంజి పెట్టినట్టు బిరుసుగా నిలుస్తుంది. చెవిదుద్దులకూ, గోడకు వేలాడదీసే నక్షత్రాలకూ ఆ బిరుసు అవసరం. మెడకు తగిలే కాలరుకు, పిల్లల గౌను అంచుకు మెత్తదనం కావాలి గనుక పలుమార్లు నీరు మార్చి కడగాలి. ఆపైన పరచిన తువ్వాలు మీద ఆకారం సరిచేసి, గుండుసూదులు గుచ్చి ఆరబెట్టాలి. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా జిల్లాలలో, మరొక జాగ్రత్త కావాలి. గాలిలోని తేమకే ఈ పట్టా మెత్తబడి ఫ్రేములో సాగుతుంది. వాడనప్పుడు గాలి చొరని సంచిలో భద్రపరచాలి.

కోస్తా జిల్లాల ప్రస్తావన వచ్చినప్పుడు నరసాపురాన్ని విడిచిపెట్టడానికి వీలులేదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం, పాలకొల్లు పరిసర గ్రామాలలో స్త్రీలు పందొమ్మిదవ శతాబ్దం నుండి క్రోషా సూదితో లేసు అల్లుతున్నారు. క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఈ విద్య ఇంటింటి పనిగా మారి విదేశాలకు ఎగుమతి అయ్యే సరుకును అందించింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీలపై చేసిన అధ్యయనం 1982లో గ్రంథంగా వెలువడింది. ఇంటి వద్ద కూర్చుని రోజుకు ఎన్నో గంటలు అల్లే ఈ స్త్రీలను సమాజం పనివారుగా గుర్తించక గృహిణులుగానే లెక్కించడం వల్ల వారి కూలి అత్యల్పంగా ఉండిపోయిందని ఆమె చూపారు.

యంత్రపు లేసు చవకగా, వేగంగా వస్తున్నప్పుడు చేతి లేసుకు గల విలువ కొనేవారి వివేకం మీద ఆధారపడుతుంది. చూపుకు రెండూ ఒకేలా కనిపించేలా యంత్ర నమూనాలు తయారవుతున్నాయి. చేతిపని అని చెప్పి యంత్రపు లేసును అమ్మితే నష్టపోయేది కొనేవారు మాత్రమే కాదు, రోజంతా అల్లి కొద్దిపాటి కూలి తీసుకొనే స్త్రీ కూడా. అయితే రెండింటి నిర్మాణం వేరు. క్రోషా అల్లికలో దారం ఉచ్చులోంచి ఉచ్చుగా సాగుతుంది. చివరి ఉచ్చును విప్పి కొసను లాగితే అల్లిన క్రమానికి ఎదురుగా ఒక్కొక్క ఉచ్చూ ఊడి వస్తుంది. యంత్రపు లేసులో రెండు దారాలు పెనవేసుకొని ఉంటాయి గనుక అది అలా ఊడదు. కొనబోయే లేసును విప్పి చూడడం కుదరదు గనుక భూతద్దం చాలు. క్రోషాలో జడలా అల్లుకొన్న ఉచ్చులు కనబడతాయి. యంత్రపు లేసులో గీత పొడవునా అటూ ఇటూ పక్కపక్కనే పడిన సన్నని పోగులు, వాటి అడుగున పరుగు కుట్టు వల, అక్కడక్కడ కత్తిరించిన దారపు కొసలు కనబడతాయి.