మొగమాటమును చేవ్రాలును



యువకులకు మనము నేర్పు మర్యాద లనేకములు. పెద్దలు వచ్చినపుడు లేచి నిలువవలెను. వారు కూర్చుండుమనిన పిదపనే కూర్చుండవలెను. అడిగినదానికి నిదానముగ బదులు చెప్పవలెను. ఇవి యన్నియు మంచివే. కాని వీనితోపాటు నేర్పవలసిన దొకటి మఱచుచున్నాము. అది, చదువక యే కాగితముమీదను చేవ్రాలు చేయకుండుట.

యువకు డరుగుమీద కూర్చుండి యుండును. బంధువొకడు కాగితము తెచ్చి, "నాయనా, ఇచట వ్రాలు చేయుము; ఊరక సాక్షికే" యనును. చదువబోయినచో పెద్దవానిని శంకించినట్లగునేమో యని యాతడు వ్రాలు చేసి యిచ్చివేయును. దీనినే మొగమాట మందుము. నా యిరువదియవ యేట నేనును ఇట్లే చేసితిని. సాక్షి ననుకొని చేసిన వ్రాలు హామీదారు వ్రాలయ్యెను. నా తొలి యుద్యోగపు జీతములో కొంతభాగము నాలుగేండ్లు పరుల యప్పునకు పోయినది. అప్పటికే నేను కావ్యములు చదివినవాడను. ఆ యరపుట కాగితము మాత్రము చదువలేదు.

ప్రోనోటుపై నుండు వ్రాళ్లన్నియు నొక్కటి కావు. ఋణస్థుడు బాకీ తీర్చవలసినదే. హామీదారునకును, వేఱు షరతు వ్రాసియుండనిచో, ఋణస్థునితో సమానమైన బాధ్యత కలదని 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. సాక్షియైనవాడు మాత్రము వ్రాలు చేయగా చూచితినని చెప్పుటకే కాని యప్పునకు బాధ్యుడు కాడు.

ఖాళీ కాగితము మఱింత ప్రమాదము. 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము ననుసరించి, బిళ్ళ యంటించిన నోటుపై వ్రాలు చేసి ఖాళీగ నిచ్చినవాడు, ఆ బిళ్ళకు తగిన మొత్తము వఱకు దానిని పూరించు నధికారమును తానే యిచ్చినట్లు భావింపబడును. సొమ్ము ముట్టలేదని తరువాత చూపవలసిన భారమును మొదట వానిదే. పదునెనిమిదేండ్లు నిండనంతవఱకు చట్టమే పిల్లవానిని కాపాడును. నిండిన నాటినుండి తన్ను తానే కాపాడుకొనవలెను.

అయినచో, పెద్దలను నొప్పింపక చదువుట యెట్లు? కాగితమును రెండుచేతుల నందుకొని, "బాబాయిగారూ, చదివి చేయుమని మా నాయనగారి యాజ్ఞ" యనవలెను. తండ్రియు నట్టి యాజ్ఞను ముందుగ నిజముగనే యిచ్చి యుండవలెను. మొత్తము అంకెలలోను అక్షరములలోను ఒక్కటియేనా, వడ్డీ యెంత, తేదీ కలదా, తన పేరు ఏ హోదాలో నున్నది యని చూడవలెను. హామీ యనినచో "ఇంటిలో నడిగి చెప్పెదను" అని వినయముగ లేవవలెను. తాను స్వయముగ తీర్చగల మొత్తమునకు తప్ప హామీ నిలువరాదు.

అప్పు తీర్చునపుడును జాగ్రత్త కావలెను. ఇచ్చిన ప్రతి సొమ్మునకు నోటు వెనుక చెల్లు వ్రాయింపవలెను. అంతయు తీరిన దినమున నోటునే తిరిగి పుచ్చుకొనవలెను. కోరినపుడు చెల్లింపవలసిన నోటుపై దావాకు, దాని తేదీ మొదలు మూడేండ్లు గడువు. ఆ లోపల కొంత చెల్లించి వ్రాలు చేసినచో, నాటినుండి మరల మూడేండ్లు లెక్క. కావున చెల్లు క్రిందనైనను తేదీయు మొత్తమును చూడక వ్రాలు చేయరాదు.

పెద్దలారా! మన మిచ్చిన కాగితమును పిల్లవాడు చదువుచున్నపుడు "నన్ను నమ్మవా?" యని యడుగకుందము. ఆ మాటకు జంకియే వాడు చదువుట మానును. రేపే యింటనున్న పాత నోటొకటి తీసి, వానిచేత పైకి చదివించి, ఎవ్వరే హోదాలో వ్రాలు చేసిరో వానినే చెప్పుమనుడు.