ఫార్ములా ఒక్కటే.. రాయి వేరు!

కిరండూల్ రైల్లో అరకు వెళ్తే అందరం సొరంగాలు లెక్కపెడతాం, లోయల్ని ఫోన్లో బంధిస్తాం. ఈసారి దిగాక ఓ రాతిముక్క చేతిలోకి తీసుకోండి. ఎర్రటి చుక్కలుంటే గార్నెట్. తెల్లగా సూదుల్లా ఉంటే సిలిమనైట్. నల్లగా మెరిసే రేకులు గ్రాఫైట్. ఈ రాయి ఖోండలైట్. తూర్పు కనుమల ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో టి.ఎల్. వాకర్ పెట్టిన పేరది.

నా మొదటి ఇంటర్వ్యూలో అడిగారు: ‘‘గ్రాఫైట్, వజ్రం రెండూ కార్బనే కదా, ఒకటెందుకు మెత్తన?’’ ‘‘రూపాంతరాలు సార్’’ అన్నా. ‘‘అది పేరు బాబూ, కారణం చెప్పు’’ అన్నారు. నోరు పెగల్లేదు. ఉద్యోగమూ రాలేదు.

కారణం ఇదీ. వజ్రంలో ప్రతి పరమాణువూ నాలుగింటితో, అన్ని దిక్కులా బంధం వేసుకుంటుంది. గ్రాఫైట్‌లో మూడింటితోనే, పొరగా. పొరల మధ్య పట్టు తక్కువ. అందుకే జారి కాగితానికి అంటుకుంటుంది. మిగిలిన ఎలక్ట్రాన్ పొరంతా తిరుగుతుంది, అందుకే కరెంటూ పారుతుంది.

ఇది మూలకం కథ. సమ్మేళనాల్లో ఇంకా తమాషాగా ఉంటుంది. సిలిమనైట్, కయనైట్, ఆండలూసైట్.. మూడింటి ఫార్ములా ఒక్కటే: రెండు అల్యూమినియం, ఒక సిలికాన్, అయిదు ఆక్సిజన్. అల్యూమినియంలో సగానికి మూడింటిలోనూ చుట్టూ ఆరు ఆక్సిజన్లే. తేడా అంతా మిగతా సగంలో. కయనైట్‌లో ఆరు, ఆండలూసైట్‌లో అయిదు, సిలిమనైట్‌లో నాలుగు. ఇంతే! దీనికే కయనైట్ సాంద్రత 3.6 దాకా పోతుంది, మిగతా రెండూ 3.2 దగ్గర ఆగుతాయి. కయనైట్‌ను పొడవునా చాకుతో గీస్తే గీత పడుతుంది, అడ్డంగా గీస్తే పడదు. నమ్మబుద్ధి కాదు కానీ నిజం.

ఒత్తిడి ఎక్కువైతే కయనైట్, వేడి ఎక్కువైతే సిలిమనైట్ ఏర్పడతాయి. అంటే అరకు రాయి ఒకప్పటి బురదే, భూమి లోతున బాగా ఉడికింది. కొండలు అరిగి కొట్టుకొచ్చిన సిలిమనైట్, గార్నెట్ భీమిలి ఇసుకలోనూ దొరుకుతాయి.

కొలిమి ఇటుకల వాళ్లకు ఈ తేడా డబ్బుతో సమానం. బాగా కాలిస్తే రెండూ ముల్లైట్‌గా మారతాయి. కానీ కయనైట్ బాగా ఉబ్బుతుంది, ముందే కాల్చి వాడకపోతే ఇటుక పగులుతుంది. సిలిమనైట్‌తో అంత బాధ లేదు. మెటలర్జీ, సిరామిక్స్, జియాలజీ వైపు వెళ్లేవాళ్లు ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫ్ చదవడం నేర్చుకునేది ఇందుకే. రసాయన విశ్లేషణకు మూడూ ఒకటే, అమరికను పట్టేది ఎక్స్‌రేలే.

మీకో ప్రశ్న. బొర్రా గుహల కాల్సైట్, ముత్యపుచిప్ప లోపల మెరిసే అరగొనైట్ రెండూ కాల్షియం కార్బొనేటే. కాల్షియం చుట్టూ మొదటిదాంట్లో ఆరు ఆక్సిజన్లు, రెండోదాంట్లో తొమ్మిది. ఏది బరువు? పేరు కాదు, కారణం చెప్పాలి.