ముల్లు ఎర్రగీత దాటితే...

టెక్కలి నుండో పాలకొండ నుండో రోగిని కారులో కూర్చోబెట్టుకొని విశాఖపట్నం కింగ్ జార్జి ఆస్పత్రికి బయలుదేరడం మన కుటుంబాలకు కొత్త కాదు. అలాంటి ప్రయాణంలో ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటితే ఏం చేయాలి? ఆగితే ఆలస్యం. ఆగకపోతే హెడ్ గాస్కెట్ కాలి బండి నడిదారిలో నిలిచిపోవచ్చు.

ముందు బండిని రోడ్డు పక్కకు తీసి ఇంజను ఆపాలి. రోగి పరిస్థితి విషమంగా ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. రేడియేటర్ మూత మాత్రం తీయరాదు. లోపలి ఒత్తిడి వల్ల నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఎగజిమ్మి ముఖం, చేతులు కాల్చివేస్తుంది. ఆవిరి వస్తున్నదా, నీరు కారుతున్నదా చూడాలి. ఇంజను బాగా చల్లారిన తరువాతనే నీటి మట్టం చూసుకోవాలి.

ఒక్కొక్కసారి ఇంజను చల్లగానే ఉంటుంది, ముల్లే అబద్ధమాడుతుంది. ఇంజను నీటిలో ఒక సెన్సార్ మునిగి ఉంటుంది. నీరు వేడెక్కేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గి ముల్లు పైకి లేస్తుంది. ఒంటి తీగ సెన్సార్ ఉన్న పాత బండ్లలో ఆ తీగ ఒరిసిపోయి ఇనుముకు తగిలినా ముల్లు పైకే పోతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండికి తాళం తిప్పగానే ముల్లు ఎర్రగీతకు దూకితే అది వేడి కాదు, విద్యుత్ లోపమే. మెకానిక్ సెన్సార్ దగ్గర తీగ ఊడదీసి చూస్తాడు. ముల్లు దిగితే సెన్సార్ చెడినట్టు. దిగకపోతే తీగలోనో మీటరులోనో తప్పున్నట్టు. కొత్త బండ్లకు స్కానర్ పెట్టి చూడాలి.

అయితే నీరు నిండుగా ఉన్నంత మాత్రాన హెచ్చరిక అబద్ధమనుకోరాదు. ఫ్యాను, పంపు, థర్మోస్టాట్ చెడినా ఇంజను కాగుతుంది. నీరంతా కారిపోతే సెన్సార్ గాలిలో మిగిలి, ఇంజను కాలుతున్నా ముల్లు దిగిపోవచ్చు. కాబట్టి పరీక్షించి తేల్చేవరకు హెచ్చరికను నిజమనే ఎంచాలి.

దీపం తీగ పీకేసి ప్రయాణం సాగించేవారూ ఉన్నారు. దేవుడిచ్చిన మనస్సాక్షిని కూడా మనం అలాగే నోరు మూయిస్తుంటాం. కారణం లేని భయమూ మనిషిని కుంగదీస్తుంది, నిజమే. అందుకే పౌలు థెస్సలొనీక సంఘానికి వ్రాసిన మొదటి పత్రికలో దేనినైనా పరీక్షించి మంచిని పట్టుకొమ్మని బోధించాడు. హెచ్చరికను తోసివేయకుండా, దానికి బెదిరిపోకుండా, నిదానించి పరీక్షించే వివేకాన్ని ప్రభువు మన కుటుంబాలకు దయచేయును గాక.